రిజర్వు గీత కింద

నారాయణఖేడ్,
మే 19.

జహీరాబాద్ ఐటీఐ మేడం నీలాంబికకు,

శరణు అని రాయబుద్ధి అయితలేదు. మనను కన్న అప్ప నేర్పిన అలవాటు, చెయ్యి దానంతట అదే రాస్తది. శరణు.

నిన్న శివాని పరీక్ష పోయింది. తప్పలే, అసలు రాయనే లేదు. సర్కారు దవాఖానల నర్సు ఉద్యోగం పరీక్ష, సంగారెడ్డిల సెంటరు. పొద్దుగాల్నే కారు తీసిన. శంకరంపేట దాంక గుర్రం లెక్క ఉరికింది. జోగిపేట దాటినంక రెండు సార్లు దగ్గింది, మూడోసారి రోడ్డు నడుమ కూలబడ్డది. ఎంత సెల్ఫు కొట్టినా లేవలే. బిడ్డ హాల్ టికెట్ నోట్ల పట్టుకొని, చున్నీ నడుముకు కట్టుకొని లారీలకు చెయ్యి ఊపింది. ఆఖరికి పాల వ్యాన్ ఆయన ఎక్కించుకున్నడు. పోయేసరికి గేటు మూసిండ్రు. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానియ్యరు, నీకు ఎరుకే. "మీ ఇంట్ల గడియారం లేదా అమ్మా" అన్నడట గేటు కాడి ఆయన. ఇంట్ల గడియారం ఉంది. మేనత్త గూడ ఉంది, గదే వచ్చిన కష్టం.

ఇగ ఇను. బిడ్డ పోయిన అరగంటకు అదే కారు ఒక్క సెల్ఫుకు లేచింది. నా మొఖం చూసి నవ్వినట్టు లేచింది.

ఏప్రిల్ నెలంత కారు నీ తాన ఉంది. అప్ప పోయినంక పొలం పంచుకున్నం, ఇల్లు పంచుకున్నం, కారును నడిమికి కోయరాదని మొగులప్ప కాక ఒక నెల అక్కకు, ఒక నెల తమ్మునికి అన్నడు. ఆ మాట నీకు గొంతుల ముల్లు. ట్యాంకుల చక్కెర పోసినవ్. నేనొక్కన్నే అంటలేను, కందులమ్మే గంజిల నలుగురు అంటున్నరు.

ఫోను చెయ్యకు. మనం ఫోన్ల మాట్లాడితే కొట్లాటయితదనే కాక, "కారు సంగతి కాగితం మీద రాసుకోండ్రి, నోరు తెరవకుండ్రి" అన్నడు. కాగితం మీదనే అడుగుతున్న. నా బిడ్డ నీకేం చేసింది?

శివశరణ్


జహీరాబాద్,
మే 23.

శివశరణ్‌కు,

శరణు.

నీ ఉత్తరం అందింది. శివాని పరీక్ష రాయలేకపోయిందని చదివి చాలా బాధపడ్డాను. ఈ వాక్యం నీకోసం రాయలేదు. ఆమెకు చదివి వినిపించు.

పెట్రోలులో చక్కెర కరగదు. ఇసుకలాగా అడుగున కూర్చుంటుంది. ప్రతి ఏడాది కొత్తగా చేరిన పిల్లలకు గాజు సీసాలో వేసి చూపిస్తాను, ఎందుకంటే ప్రతి ఏడాది ఎవరో ఒకరు నువ్వన్న మాటే అంటారు. వాళ్ళకు పదహారేళ్ళు ఉంటాయి కనుక నేను నొచ్చుకోను. నీకు నలభై ఆరు. పైగా ఆ మాట గంజిలో నలుగురి ముందు అన్నావని, నెల నెలా మన మధ్య ఈ కారును తెచ్చి అప్పగించే ఫకీర్ మియా చెప్పాడు. నా దగ్గర మోటారు మెకానిక్ పని నేర్చుకునే పిల్లల తండ్రులు ఆ గంజికే కందులు తెస్తారు. నీకు ఆ సంగతి తెలిసే అన్నావని అనుకుంటున్నాను.

ఇక కారు. నువ్వు తిట్టడానికి రాసినా, పనికివచ్చే వివరాలే రాశావు. చల్లగా ఉన్నంతసేపు బాగా నడిచింది. వేడెక్కాక దగ్గి ఆగింది. చల్లారాక తనంతట తానే లేచింది. ఇంజనుకు పెట్రోలు అందకపోయినా ఇలాగే జరుగుతుంది, ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టకపోయినా ఇలాగే జరుగుతుంది. రెండింటిలో ఏదో తేలకుండా ఒక్క భాగం కూడా మార్చవద్దు.

తేల్చే పద్ధతి చెబుతాను. ఇంజను లేపకుండా, తాళంచెవిని ఒక మెట్టు మాత్రమే తిప్పితే వెనుక సీటు కింద నుంచి సన్నని మోత వచ్చి ఆగిపోవాలి. పెట్రోలు పంపు ఆ సీటు కింద, ట్యాంకు లోపల ఉంటుంది. అది తిరిగే చప్పుడు అది. మీ ఇంట్లో ఎవరైనా ఉదయం ఒకసారి సీటుకు చెవి ఆనించి వినండి. కారు ఆగిపోయిన చోట ఇంకోసారి వినండి. రెండు మోతలకూ తేడా ఉందా? ఉంటే ఎలాంటిది? అది రాసి పంపు. కోపం రాయనక్కరలేదు, అది నాకు ముందే అందింది.

నీలాంబిక


నారాయణఖేడ్,
మే 28.

మేడంకు,

శరణు.

నువ్వు చెప్పేదాంక ఆగుతనా? నాగయ్య మెకానిక్‌కు చూపించిన. ప్లగ్గులు మార్చిండు, కాయిల్ మార్చిండు, ఫిల్టర్ మార్చిండు. "ఇగ సంగారెడ్డి ఏంది, కాశీకి పో పటేలా" అన్నడు. కల్హేర్ అంగడికి పోయిన. కాశీ కల్హేర్ పొలిమేరల్నే వచ్చింది. ఆగిపాయె.

ఇగ నీ సదువు ముచ్చట. శైలశ్రీ నీ ఉత్తరం సంచిల పెట్టుకొనే వచ్చింది. నా పెండ్లామే, కాని నీ రాత అంటే ఆమెకు శాస్త్రం. అంగడికి పోయే జనమంత చూస్తుండంగ ఎన్క సీటు మీద బోర్ల పండి చెవి పెట్టింది. నేను తాళం తిప్పుతున్న. ఒక ముసలామె ఆగి, "ఏమాయె బిడ్డా, కడుపుల నొస్తుందా?" అన్నది. ఇంకొకడు, "సీటు కింద పాము దూరినట్టుంది" అన్నడు. పాము అన్నంక జనం తగ్గరు గద, పెరిగిండ్రు. ఒకడు కట్టె గూడ తెచ్చిండు.

శైలశ్రీ రాయమన్నది రాస్తున్న. పొద్దుగాల తుమ్మెద లెక్క మెల్లగ వచ్చింది. ఆగినంక కందిరీగను డబ్బల పెట్టి మూత పెట్టినట్టు గీపెట్టింది, వణికింది, చప్పుడు సన్నగై పోయింది. చాలునా? నీ లోపల సల్లగైందా?

ఇంకో సంగతి. జూన్ 22 ఆదివారం శివానికి ఇంకో నర్సు పరీక్ష ఉంది, మళ్ళ సంగారెడ్డే. దీని తర్వాత మళ్ళెప్పుడు పోస్టులు పడతయో ఎవరికి తెల్వది. పోయిన పరీక్షకు బిడ్డ రెండేండ్లు చదివింది. జూన్ నెల నీదని ఎరుకే. అయినా కారు ఇయ్య. ఏం చేస్తవో చేస్కో.

శివశరణ్


జహీరాబాద్,
జూన్ 1.

శివశరణ్‌కు,

శరణు.

శైలశ్రీ చాలా బాగా విన్నది. ఆమె చెవికి నా నమస్కారం చెప్పు. వేడెక్కిన తరువాత మోత మారిందంటే అనుమానం ప్లగ్గుల మీద నుంచి పంపు మీదికి వెళ్తుంది. అయితే అనుమానం రోగ నిర్ధారణ కాదు. పరికరం పెట్టి కొలవాలి. ఆ పరికరం నా దగ్గర ఉంది.

కారు ఇవ్వనంటున్నావు. ఉంచుకో. అది వాకిట్లో నిలబడి తనంతట తాను బాగుపడదు. 22న మళ్ళీ జోగిపేట దగ్గర ఆగితే ఈసారి చక్కెర ఎవరు పోశారని చెప్పాలో ఇప్పుడే ఆలోచించి పెట్టుకో.

పంపదలచుకుంటే వెంటనే పంపు. పరీక్షకు ముందు తిరిగి నీ వాకిట్లో ఉంటుంది. ఆ రోజులు నా నెలలోనివే, నీ నెలలో కోత వేయను. ఇది నీకు చేస్తున్న ఉపకారం కాదు కనుక కృతజ్ఞత రాయవద్దు.

నీలాంబిక


నారాయణఖేడ్,
జూన్ 4.

మేడంకు,

శరణు.

కారు ఫకీర్ మియాతోని పంపుతున్న. నీ మాట మీద పంపుతలేను, మొగులప్ప కాక ఇంటికొచ్చి కూసున్నడు, "పంపేదాంక చాయ గూడ తాగ" అన్నడు. ఆయన చాయ తాగకుంటే ఊరికే పరేషాన్ అయితడు, మమ్ముల చేస్తడు.

సీట్లు, స్టెపినీ, జాకీ అన్ని చూసి అప్పజెప్పిన. వచ్చేటప్పుడు అన్నీ ఉండాలె. ట్యాంకుల సూది ఎర్ర గీత కిందనే ఉంది. జహీరాబాద్ చేరేటంత ఉంటది. అంతకు మించి చుక్క ఉంటే నేను అమృతప్ప కొడుకునే కాదు. మిగిలింది పైపు పెట్టి గుంజి నా మోటరు సైకిల్ల పోసుకున్న. నువ్వేమన్న తక్కువనా? మే నెల ఒకటో తారీకు నువ్వు పంపినప్పుడు మా గల్లీ మొదట్ల ఆగింది, ఫకీర్ మియా, నేను నూకినం. పాపం ఆయన సీసల సొంత పెట్రోలు దాచిపెట్టుకొని తిరుగుతుండు. "మీ అక్కాతమ్ముండ్ల నడుమ నా ప్రాణం పోతది సేటు" అంటడు.

జల్దీ చెయ్యి. చెడగొట్టినోళ్ళకు బాగుచేసుడు అల్కగనే ఉండాలె.

శివశరణ్


జహీరాబాద్,
జూన్ 11.

శివశరణ్‌కు,

శరణు.

ఈ ఉత్తరం పొడుగుగా ఉంటుంది. మధ్యలో ఆపకుండా చదువు. తరువాత తిట్టు.

పెట్రోలు ఇంజనుకు వెళ్ళే గొట్టానికి ఒత్తిడి కొలిచే మీటరు బిగించాను. చల్లగా ఉన్నప్పుడు ముల్లు ఉండవలసిన చోటే నిలబడింది. ఆ తరువాత మధ్యాహ్నపు ఎండలో ఐటీఐ మైదానం చుట్టూ కారును తిప్పుతూ ఉన్నాను. కొంతసేపటికి ముల్లు వణకడం మొదలుపెట్టింది. తరువాత సగానికి జారింది, కారు దగ్గింది, ఆగింది. ఆగిన ఆ క్షణంలోనే పంపుకు వెళ్ళే తీగ దగ్గర కరెంటు కొలిచాను. పూర్తిగా అందుతోంది. కరెంటు నిండుగా వస్తోంది, పెట్రోలు మాత్రం కదలడం లేదు. అంటే తప్పు తీగలది కాదు, నాగయ్య మార్చిన కాయిల్‌ది అసలే కాదు. పంపుది. చల్లారనిచ్చి మళ్ళీ కొలిచాను, ముల్లు తిరిగి తన చోటికి వచ్చింది. మరుసటి రోజు మళ్ళీ అదే చేశాను, అదే జరిగింది.

వెనుక సీటు ఎత్తి పంపును బయటికి తీశాను. చక్కెర లేదు. నీళ్ళు లేవు. ఎవరూ ఏదీ పోయలేదు. అడుగున ఉండే జల్లెడ నిండా నల్లని మడ్డి ఉంది. మోటారు ఒళ్ళు వేడికి కమిలి నీలంగా మారింది. దాని కారణం చెబుతాను.

ఈ రకం పంపును ట్యాంకులో ముంచి పెట్టేది ఊరికే కాదు. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది. ట్యాంకు సగం ఉన్నప్పుడు అది నీళ్ళలో బర్రెలాగా హాయిగా పడి ఉంటుంది. అడుగున నాలుగు గ్లాసులే ఉంటే ఒళ్ళంతా బయటపడి, తన వేడిలో తానే కాలుతూ, అడుగు మడ్డిని పీలుస్తూ తిరుగుతుంది. ఒక్క రోజుకు ఏమీ కాదు. ఏళ్ళ తరబడి అయితే ఇలా అవుతుంది. పాత పంపు ఎప్పటికైనా పోవలసిందే. కానీ ఇది వయసు మీద పడి పోలేదు.

ఎలా తెలుసు అంటావు. పంపు పక్కన ఒక తేలుడు గుండు ఉంటుంది. పెట్రోలు పెరిగితే లేస్తుంది, తగ్గితే దిగుతుంది. దాని కొన ఒక చిన్న పలకను రాసుకుంటూ కదులుతుంది, ముందున్న మీటరు సూదికి కబురు అక్కడి నుంచే పోతుంది. గుండు ఏ మట్టంలో ఎక్కువ కాలం ఆడితే పలక ఆ చోటే అరుగుతుంది. మన కారు పలకను కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. పై భాగంలో అప్ప నడిపిన కాలపు సన్నని గీతలు ఉన్నాయి. వాటిపై దుమ్ములాంటి పొర కట్టింది, అంటే తరువాత ఆ ఎత్తుకు గుండు లేవనే లేదు. అడుగున మాత్రం గోరు పట్టేంత గాడి పడింది. రిజర్వు గీతకు కిందనే.

ఆ గాడి సగం నీది, సగం నాది. నువ్వు పైపు పెట్టి గుంజేవాడివి. నేను పైపు పెట్టలేదు, లెక్క వేసేదాన్ని. ఇక్కడి నుంచి నీ గుమ్మానికి ఎంత కావాలో అంతే ఉంచి పంపేదాన్ని. అప్ప పోయినప్పటి నుంచి మన ఇద్దరిలో ఎవరమూ రెండోవారి కోసం ఒక లీటరు మిగల్చలేదు. నెల మధ్యలో కూడా నింపలేదు, ఎందుకంటే మిగిలిపోతే అది ఎదుటివారి పాలవుతుంది.

జోగిపేట దగ్గర ఎవరు ఏం చేశారని అడిగావు కదా. ఇదే చేశాము.

నీలాంబిక


నారాయణఖేడ్,
జూన్ 14.

మేడంకు,

శరణు గిరణు లేదు ఇయ్యాల.

ఆపకుండ చదివిన. రెండు సార్లు చదివిన. ఇగ నువ్వు ఆపకుండ చదువు.

నేను కందుల వ్యాపారిని. నాకు కంది గింజ కొరికితే ఎన్ని దినాల ఎండ పడ్డదో తెలుస్తది, పంపు ఈతగొడుతదని తెల్వది. నువ్వు? ఐటీఐల బోర్డు మీద సుద్దతోని బొమ్మ గీసి గదే పాఠం చెప్తవు గద? "ట్యాంకు ఖాళీగ తిప్పొద్దు పిల్లలూ" అని అంటవు గద? చెప్పి ఇంటికొచ్చి లెక్క వేసి ఖాళీ చేసి పంపుతవు. తెల్వక చేసినోడు, తెలిసి చేసినోడు ఒక్కటేనా? "సగం నీది సగం నాది" అని నున్నగ కోసినవు, అప్ప పొలం కోసినట్టు. గీ గాడి సగం కాదు మేడం. నీ వాటా పెద్దది. దీనికి జవాబు రాయి.

మొగులప్ప కాక గంజిల అందరి ముంగట అడిగిండు, "చక్కెర ఏమాయెరా శివశరణా?" అని. "చక్కెర కాదట" అన్న. "మరేందట?" అన్నడు. "మోటరు కాలిందట" అన్న. అంతకు మించి నా నోట్ల నుంచి రాదు, ఆశ పెట్టుకోకు.

శైలశ్రీ నీ ఉత్తరం చదివి నాతోని మాట్లాడుతలేదు. బువ్వ పెట్టి గిన్నె చప్పుడు చేస్తది, గంతే. ఇగ ఇంట్ల గూడ కాగితం మీద రాసుకోవాల్సి వచ్చేటట్టుంది. శివాని అయితే నీ ఉత్తరాలు, నావి అన్ని ముంగటేసుకొని కూసున్నది. ఏమన్నా అంటదేమో అని చూసిన. మడతపెట్టి ఇచ్చి పుస్తకం తీసింది.

పరీక్షకు వారమే ఉంది. కొత్తది పెడుతున్నవా, లేక పలకలు చదువుకుంట కూసుంటవా?

శివశరణ్


జహీరాబాద్,
జూన్ 18.

శివశరణ్‌కు,

శరణు.

నువ్వు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. పంపు ఉంది.

కొత్త పంపు హైదరాబాద్ నుంచి తెప్పించాను. మొదట వచ్చినది డబ్బా మీద పేరు సరిగానే ఉన్నా చాలా తక్కువ ఒత్తిడి ఇచ్చింది, తిప్పి పంపాను. రెండోది ట్యాంకులో పెట్టకముందే బల్ల మీద నడిపి కొలిచాను. సరిపోయింది. జల్లెడ కొత్తది వేశాను. ట్యాంకు అడుగు మడ్డి అంతా తీయించాను, లేకపోతే కొత్త పంపు కూడా అదే తాగుతుంది. తేలుడు గుండు పలక మార్చాను. ట్యాంకు నోటి దగ్గర రబ్బరు చుట్ట పాతది ఎంత బాగున్నట్టు కనిపించినా మళ్ళీ వాడకూడదు, అదీ కొత్తదే. పని మొదలుపెట్టే ముందు గొట్టంలోని ఒత్తిడి దించి, బ్యాటరీ తీగ విప్పాను. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, రేపు నాగయ్య ఎవరి కారుకైనా ఈ పని చేస్తే ఆ రెండు మాత్రం మరిచిపోవద్దని చెప్పు. అతను మంచి పనివాడు. పెట్రోలు ఆవిరి దగ్గర బీడీ కాలుస్తాడని విన్నాను. అది మాన్పించు.

తరువాత ఎండలోనే నడిపాను, మైదానంలో కాదు, బీదర్ రోడ్డు మీద. ఎక్కడా ముల్లు వణకలేదు. మరుసటి రోజు మళ్ళీ వెళ్ళాను.

ఇకమీద ట్యాంకు పావు వంతుకు తగ్గకూడదు. నీ ఇంట్లోనూ, నా ఇంట్లోనూ. ఇది రాజీ కాదు, యంత్రం పెట్టిన షరతు.

ఇంకొకటి. 22న కారు నేను నడుపుతాను. నువ్వు ఇంట్లో ఉండు. కొత్త భాగం వేసిన తరువాత మొదటి దూర ప్రయాణంలో మోత కొంచెం మారినా నాకు వెంటనే తెలుస్తుంది. నీకు తెలిసేసరికి జోగిపేట వస్తుంది.

నీలాంబిక


నారాయణఖేడ్,
జూన్ 19.

మేడంకు,

శరణు.

నీ ఉత్తరం తెచ్చిన ఫకీర్ మియా చేతుల్నే గీ ఉత్తరం గూడ పంపుతున్న, టపాల పడితే దినాలు పడతయి. జవాబు గూడ ఆయనకే ఇయ్యి, కారు గూడ ఆయనకే ఇయ్యి.

నువ్వు నడుపుతవా? నా బిడ్డను? నా వాకిట్ల నుంచి? చూసేటోళ్ళు ఏమంటరు, "గంజిల అక్కను చక్కెర దొంగ అన్నడు, ఇయ్యాల అక్కే వచ్చి బిడ్డను తోలుకపోయింది, వీడు గడప మీద కూసొని చూసిండు" అంటరు. నీకు కావాల్సింది గదే. బిడ్డ పరీక్ష కాదు, నా ముక్కు నేలకు రాయించుడు.

స్టీరింగు నా చేతుల్నే ఉంటది. నువ్వు ఎన్క సీట్ల గూడ వద్దు, డిక్కీల గూడ వద్దు. శైలశ్రీ అన్నది, "ఇద్దరు పోండ్రి, దారి పొడుగు మాట్లాడకుండ్రి, బిడ్డకు నిమ్మళం" అని. ఇద్దరం ఒక్క కారుల కూసుంటే పంపు కాదు, ఇంజనే కాలుతది అన్న.

కారు పంపు. నువ్వు రాకు.

శివశరణ్


జహీరాబాద్,
జూన్ 20.

శివశరణ్‌కు,

శరణు.

కారు ఫకీర్ మియాకు అప్పగించాను. ఈసారి ఆయన సీసా తెచ్చుకోనవసరం లేదని చెప్పాను, నమ్మలేదు, తెచ్చుకున్నాడు.

నేను రావాలా వద్దా అనేది నీ అనుమతి మీద ఆధారపడి లేదు. పంపకాలలో సంగారెడ్డి నీ వాటాకు రాలేదు. ఆదివారం నేను పరీక్ష గేటు దగ్గర ఉంటాను. శివాని లోపలికి వెళ్ళడం నా కళ్ళతో చూస్తాను. నిన్ను చూడను.

నువ్వే నడుపుతానంటున్నావు కనుక చెబుతున్నాను. తాళంచెవి ఒక మెట్టు తిప్పి, మోత ఆగేదాకా ఉండి, తరువాత సెల్ఫు కొట్టు. దారిలో తొందరపడి మూడో గేరులో లాగవద్దు. దారి పొడుగునా నా గురించి ఆమెకు చెప్పవద్దు. ఆమె చదివినది ఆమె తలలో ఉండనివ్వు.

నీలాంబిక


నారాయణఖేడ్,
జూన్ 24.

నీలాంబిక అక్కకు,

శరణు.

కాక రాయమనలే. నేనే రాస్తున్న.

ఆదివారం పొద్దుగాల లేచి తానం చేసి, విభూతి పెట్టుకొని, తాళంచెవి తీసుకొని కారు కాడికి పోయిన. స్టీరింగుకు కాగితం గుచ్చి ఉంది. శివాని రాత. నీ పేరు గూడ ఉంది గనుక ఉన్నదున్నట్టు దింపుతున్న:

"అప్పా, అత్తా,

నేను మొదటి బస్సుకు పోతున్న. మా క్లాసు గౌసియా గూడ గీ పరీక్షే రాస్తుంది, ఇద్దరం కలిసి పోతున్నం. అమ్మకు చెప్పిన. మొదటి బస్సు ఎక్కితే గేటు తెరవక ముందే చేరుతం. ఖేడ్ల డిపో ఉందని మీకు గూడ ఎరుకే, పోయినసారి గూడ ఎరుకే. కాని మీ ఇద్దరి పంచాయతి నేను ఎట్ల పోవాల్నని కాదు, స్టీరింగు ఎవరి చేతుల ఉండాల్నని. మీ ఉత్తరాలన్ని చదివిన. అత్త బాగు చేసిందంటే పంపు మంచిగనే ఉంటది. పంపు మీద నాకు నమ్మకముంది. మీ ఇద్దరి మీద లేదు. నా ఎన్క రాకుండ్రి."

రావద్దన్నది. నేను పోయిన. నువ్వు గూడ వచ్చినవు.

నిన్ను చూసిన. గేటుకు అవతల జిరాక్సు దుకాణం నీడల నిలబడ్డవు, చేతుల గొడుగు ఉన్నా తెరవలే. నేను ఇవతల కారు కాడ. నడుమ రోడ్డు. ఎవరో ఒకాయన నన్ను "మీ బిడ్డనా, మీ చెల్లెనా పరీక్ష రాసేది?" అని అడిగిండు. "బిడ్డ" అన్న. "ఒక్కరే వచ్చిండ్రా?" అన్నడు. నీ దిక్కు చూసిన. "అవు" అన్న. గది నీకు వినబడిందో లేదో తెల్వదు. వినబడొద్దనే మెల్లగ అన్న.

పరీక్ష ఇడిసినంక బిడ్డ గౌసియాతోని నవ్వుకుంట బయటికొచ్చింది. నేను ఎన్క డోరు తెరిచి పట్టుకున్న. నువ్వు రోడ్డు సగం దాటి ఆగినవు. శివాని తెరిచిన డోరును చూసింది, నిన్ను చూసింది. "మంచిగ రాసిన" అన్నది. మనిద్దర్ల ఎవరితోని అన్నదో నాకు సమజ్ కాలే. ఇద్దరు ఆడపిల్లలు బస్టాండు దిక్కు నడిచి పోయిండ్రు.

డోరు ఇంక తెరిచే ఉంది. నీకు "ఎక్కు" అని అనబోయిన అక్కా. నోట్లకు వచ్చింది, బయటికి రాలే. నువ్వు ఎనుకకు తిరిగి పోయినవు. బస్సులు ఒకటి వాళ్ళకు, ఒకటి నీకు. కారు నాకు.

నిన్న గంజిల కాకను పట్టుకొని నలుగురి ముంగట చెప్పిన. చక్కెర మాట నేను పుట్టించిందే, అక్క ఏం చెయ్యలే అని. ఎవడో నవ్విండు. నవ్వనీ.

కారు ఎట్ల నడిచిందని నువ్వు అడుగుతవు గనుక రాస్తున్న. మిట్ట మధ్యాహ్నం ఎండల మర్లి వచ్చిన. ఎక్కడ దగ్గలే, ఎక్కడ ఆగలే. జోగిపేట కాడ అద్దాలు ఎక్కించి చెవి పెట్టిన. మోత ఒక్క తీరుగ ఉంది, సన్నగ, సాఫుగ. మస్తు మంచిగ వినబడ్డది. కారుల మాట్లాడెటోళ్ళు ఎవరు లేకుండిరి.

శివశరణ్